మరమేకులు

మొదటి వారం ఫియాక్రా పక్కనే నిలబడ్డాను,
జానెడు దూరంలో.
స్లైగో ఊళ్ళో ఇనప సామాన్ల కొట్టు.
పొడుగువీ పొట్టివీ, ఇత్తడివీ ఉక్కువీ,
అన్నీ కలిసిపోయిన ఒక బకెట్టు.
ఒక్కో మరమేకునీ వెలుతురుకెత్తి
చంటిపిల్ల చెవి చూసినట్టు చూసేవాడు.

అంతకు ముందు డే సెంటర్లో పదకొండేళ్ళు
పూసలు గుచ్చాడు.
సాయంత్రం ఎవరో విప్పేసేవారు,
మర్నాటికి పని ఉండాలి కదా అని.
ఆ సంగతి తనకు తెలుసని
మొన్ననే చెప్పాడు, టీ ఊదుకుంటూ.

మొదటి జీతం కవరు
నాలుగు రోజులు విప్పకుండా జేబులో తిప్పాడు.

రెండో నెలకి నేను
రంగు డబ్బాల వరస చివరికి జరిగాను.
తర్వాత గుమ్మం బయటికి.
ఇవాళ కార్లో కూచున్నాను, అద్దాల మీద వాన.
ఫారంలో ‘సహాయం చేసిన గంటలు’ అన్న గడి ముందు
పెన్ను ఆగిపోయింది.

అద్దం మీద టకటక.
ఏప్రన్ తడిసిపోతోంది, పట్టించుకోడు.
“నోరీన్, ఇక్కడ బండి ఆపకూడదు.
సరుకు లారీ వచ్చే వేళయింది.”

స్టార్ట్ చేశాను.
వెనక్కి తీస్తుంటే
వానలో నిలబడి చెయ్యూపుతూ దారి చూపించాడు:
ఇంకా, ఇంకా,
ఇంకొంచెం,
చాలు.