కుట్టు లోపల రెండంగుళాలు

చూళైమేడులో నా మిషను పక్కన
చిన్న టీవీ, దాని కింద
ఏడు పొడుగు నోటుపుస్తకాలు.
కొలతలవి కావు. మేఖలవి.

'ఎనిమిదో అడుగు' మొదలైన సోమవారం నుంచి
ఆ అమ్మాయి ఏ రోజు ఏ చీర కట్టిందో,
జాకెట్టు మెడ పలకో, కుండో, పడవో,
చేతులకి అంచు వేశారో, మానేశారో,
ఎన్నిసార్లు నవ్విందో
(తక్కువే, అత్తగారి ఇల్లు కదా)
అన్నీ రాశాను.
కరెంటు పోయిన రోజు
ఇన్వర్టరున్న ఎదురింటి కస్తూరి టీచరు చూసి చెప్తే
పక్కన 'విన్నది' అని పెట్టాను.
అబద్ధం రాయకూడదు.

నేను బళ్ళో చదివింది అరవం.
తెలుగు రాత ఈ పుస్తకాలతోనే వచ్చింది.
అరవంలో ఖ లేదు.
మొదటి పుస్తకమంతా 'మేకల' అనే ఉంటుంది.
కస్తూరి టీచరు చూసి,
"ఎన్ని మేకలే సంపూర్ణం, మంద తోలుతున్నావా?"

ఎవరడిగారని ఇదంతా? మొదట ఎవరూ అడగలేదు.
మా ఆయన అడిగాడు, జీతమెంతని.
తర్వాత ఎలా పాకిందో, ఫోన్లు.
హోసూరు నుంచి ఒకావిడ:
"దీపావళి ముందు శుక్రవారం, వంకాయ రంగు చీర..."
"గురువారమమ్మా. వంకాయ కాదు, నేరేడు."
గూడూరు నుంచి ఒక కుర్రాడు, పేరు చెప్పడు,
ఆమె ఏడ్చిన రోజులన్నీ కావాలట.
ఇవ్వలేదు.
నవ్వినవి ఇచ్చాను. పదకొండు.

ఐప్పసి వానలో ఒక సాయంత్రం
వడపళని స్టూడియో నుంచి సంచి పట్టుకుని ఒక తంబి.
వాళ్ళ టైలరుకి జ్వరమట, పొద్దుటికి కావాలట.
ఐదు జాకెట్లు.
నేరేడు రంగుది పైనే ఉంది.
నాకు తెలియని మెడా అది?
కానీ తెర మీద కుట్టు కనిపించదు.
చంకలో చెమట మరక, పౌడరు వాసన,
హుక్కు ఊడినచోట పిన్నీసు.
ఊళ్ళకి ఊళ్ళని ఏడిపించే మనిషికి
ఒక హుక్కు కుట్టే దిక్కు లేకపోయింది.

"పక్కలు రెండంగుళాలు లోపలికక్కా."

తిరగేసి చూశాను.
ఇప్పటి కుట్టు పక్కన పాత కుట్టు చిల్లుల వరస,
దానికవతల ఇంకొకటి.
టేపు తియ్యలేదు, వేలు పెట్టి కొలిచాను.
మూడు నెలల్లో ఇది మూడోసారి.
మొన్న బుధవారం
గాజులు మోచేతి దాకా తోసుకుంటుంటే
ఆ పాత్రకి అదో అలవాటనుకుని
రాసుకున్నాను కూడా.

"డైటింగా?" అన్నాను.
వాడు వానకేసి చూశాడు.
"తెలీదక్కా."
తెలిసినవాళ్ళు చెప్పే తెలీదు అది.
"మిగిలిన బట్ట కత్తిరించెయ్యి, ఒంటికి గుచ్చుకుంటోందట."

రెండు వారాలకి
సునంద పాత్రలో ఇంకో మొహం వచ్చింది.
ఇల్లు అదే, అత్తా అదే,
మొగుడు కొత్తమ్మాయిని సునందా అని పిలిచాడు,
ఆమె పలికింది.
ఆ రాత్రి ఫోను వదల్లేదు.
పెళ్ళా, గొడవా, దుబాయా,
నీకు తెలియకుండా ఉంటుందా అంటుంది హోసూరావిడ.
"నాకు చీరలే తెలుసమ్మా."
గూడూరు కుర్రాడు మాత్రం ఏమీ అడగలేదు.
లైనులో కాసేపు ఉండి పెట్టేశాడు.

పుస్తకంలో ఆ తేదీ ఎదురుగా
'కరెంటు లేదు. చూడలేదు' అని ఉంటుంది.
దస్తూరి నాదే.

ఆ జాకెట్ల సంగతి.
మిగిలిన బట్ట కత్తిరించలేదు.
కత్తెర తీసి, మళ్ళీ పెట్టేశాను.
అంచులు మడిచి,
పసిపిల్లల చొక్కాలకి వాడే మల్లుగుడ్డ
గుచ్చుకోకుండా లోపల వేశాను.
పక్కలు మిషను మీద వెయ్యలేదు, చేత్తో కుట్టాను,
తెల్లవారేదాకా, ఐదింటికీ.
పెద్ద పెద్ద టాకాలు,
ఎప్పుడైనా ఒళ్ళు చేస్తే
ఒక్క దారం లాగితే విచ్చుకునేట్టు.