ఇటు సూడుండ్రి

మూఢం పడ్డది.
రెండు నెల్లు పెండ్లిళ్లు లేవు.
దేవరకొండల నా స్టూడియో షట్టరు సగం దించి,
కిరాయికి తెచ్చిన పొడుగు లెన్సుకు
అమ్మ పాతచీర చుట్టి
చందంపేట దిక్కు బండెక్కిన.

గద్దలకు మూఢం లేదు.

కేతావత్ సక్రి మేకల్ని గుట్ట కింద ఇడిసి
చేతికర్రతోని మీదికి చూపింది:
"అగో ఆడున్నరు, నా పుంజునెత్తుకపోయిన
దొంగలు, మొగడూ పెండ్లామూ."

కుందేలు సాలువలు.
మొగది మబ్బుల దాక పోయి
రెక్కలు ముడిచి రాయి లెక్క పడ్డది,
నేల ఇంకో తాటిచెట్టంత దూరముందనంగ
మళ్ల లేసింది.
మళ్ల పడ్డది. ఎవలు చెప్పిన్రు దానికి,
లైటింగ్ కుదరలేదు, ఇంకోసారి అని?
ఆడది చూసీ చూడనట్టు
గాలికి ఆనుకొని తిరుగుతాంది.

పద్దెనిమిదేండ్లుగ నా నోట్లె ఒకటే పాట:
ఇటు సూడుండ్రి. జర నవ్వుండ్రి.
దండ మళ్లొకసారి ఎయ్యుండ్రి.
ఈడ నోరు మూసుకొని
పల్లేరుగాయల మీద బోర్ల పండిన,
మోచేతి కింద రాయి,
రాయి కింద తేలుందో లేదో చూసే తీరిక లేక.

రాతిదరిల గూడు సగమైంది.
తుమ్మకొమ్మ, చండ్రకొమ్మ,
ఎవలిదో డ్రిప్పు పైపు ముక్క.
మొగది తెస్తది, ఆడది పక్కకు జరుపుతది,
మా ఇంట్ల బీరువా జరిపినట్టు
తిరిగి తిరిగి మొదటి జాగకే.

నాలుగోనాడు ఆడదే యాపరెమ్మ తెచ్చింది.
గూట్లె పచ్చగ పరవబోయి
ఆగి
తల తిప్పి
సక్కగ నా లెన్సులకు చూసింది.

పసుప్పచ్చ కన్ను. ఫోకసు సూదిమొన లెక్క కుదిరింది.
పెండ్లిల ఈ ఫొటోకే పైసలిస్తరు.
ఈడ మాత్రం
ఇది నేను దొరికిపోయిన ఫొటో.

నొక్కలేదని చెప్పను. నొక్కిన. ఒకటే.
ఆ చప్పుడుకో, నా మోచెయ్యి కదిలిందుకో
లేసిపోయింది.
యాపరెమ్మ గాలిల తిరుక్కుంట తిరుక్కుంట
లోయల పడ్డది.

మోకాళ్ల మీద పాక్కుంట దిగిన.
"అయ్యిందా?" అన్నది సక్రి,
మేకను అదిలించిన గొంతుతోనే.
మళ్ల ఆ గుట్ట ఎక్కలే.

మూఢం పోయినంక మొదటి పెండ్లి, మల్లేపల్లిల.
ఎనుకకు ఎనుకకు జరిగి
కుర్చీల ఆఖరి వరుసల నిలబడ్డ.
పిల్ల వంగి, పిలగాని చెవిల ఇరికిన
తలంబ్రాల గింజ తీస్తాంది.
పిల్ల మేనమామ కెమెరా తెర తిప్పి తిప్పి చూసి
కొట్లాటకొచ్చిండు:
ఒక్క దాంట్లనన్న ఇటు చూస్తున్నరా వీళ్లు?
మూడు వేలు కోసిండు.

ఆ రాత్రే సక్రి ఫోను.
"కూసున్నది. వారమాయె, లేస్తలేదు.
మొగదే తిండి తెస్తాంది.
అది సరే, నా పుంజు పైసలెవలిస్తరు?"

ఐదొందలు ఫోన్‌పే చేసిన.
ఎందుకోసమని అడిగిన గడిల
చదివింపులు అని రాసిన.