రెండు సెకన్ల తెలుపు

ఎనుమాముల యార్డు.
ఘాటుకు గోడలు కూడా తుమ్మే ఫిబ్రవరి.
నేను రాసిన పేజీ
ఓదెలు ఫోన్‌లో తెరుచుకుంది.
అద్దం పగిలిన ఫోను, రెండు గీతల సిగ్నలు.

ముందు నిన్నటి ధర వచ్చింది,
ఫోన్‌లోనే దాచి ఉంచింది కాబట్టి తొందరగా.
వెనకాల ఇవాళ్టిది వచ్చి
దాన్ని పక్కకు తోసి కూచుంది.
నడుమ ఉన్నది రెప్పపాటు.
ఆ రెప్పపాటులోనే ఆయన
ముప్పై రెండు బస్తాల లెక్క వేశాడు,
పురుగుమందుల దుకాణం బాకీ తీర్చేశాడు.

"గిదేంది బిడ్డా,
ముందుగాల పద్దెనిమిది సూపెట్టె,
గింతల్నె పదహారాయె.
మీ ఫోన్లగూడ జెండా పాటేనా?"

జెండా పాట నాకు తెలుసు.
పొద్దున్నే ఒక్క కుప్పకు పలికే పెద్ద ధర,
రేపటి పేపర్లోకి ఎక్కేది అదే.
తక్కిన కుప్పలన్నీ
తాలు పేరుతో, తేమ పేరుతో
దానికింద ఎక్కడో తెగుతాయి.
తెలియనిదల్లా,
నేనూ అదే పాడుతున్నానని.

ఆ రాత్రి నక్కలగుట్ట ఆఫీసులో,
కింద మిర్చి బజ్జీల బండి మూసేశాక,
పేజీ తలకాయలో ఒక అడ్డకర్ర దించాను
కాజీపేట దగ్గర గేటు పడ్డట్టు.
ఇవాళ్టి ధర దాటేదాకా
ఒక్క అక్షరం కదలొద్దు,
పచ్చ పట్టీ రావద్దు,
నవ్వే రైతు బొమ్మ అసలే రావద్దు.

"తెల్లగా ఉందేంటమ్మా," అన్నాడు ఇంతియాజ్ సార్,
"జనం పారిపోతారు. ఏదో ఒకటి చూపించు."
ఆ ఏదో ఒకటితోనే కదా సార్ వచ్చింది, అనుకున్నాను.
అనలేదు.
మూడో సెకనుకు గేటు దానంతటదే లేచేట్టు రాశాను.
అప్పటికీ రాకపోతే, ధర ఉండాల్సిన చోట
ఇంకా రాలేదు
అని రెండు మాటలు.

రెండో ఏరుడు కాయతో ఓదెలు మళ్లీ వచ్చాడు.
పేజీ నొక్కాడు. తెలుపు.
ఫోన్ సచ్చిందనుకొని తొడకేసి కొట్టాడు,
అరచేయి అడ్డంపెట్టి నీడ చేశాడు.
నేను పక్కన నిలబడి లోలోపల లెక్కపెడుతున్నాను,
ఒకటి,
రెం...

పదిహేను వేల ఆరువందలు.
అన్నీ ఒక్కసారే వచ్చాయి:
అంకె, తేదీ, పచ్చ పట్టీ.

ఆయన చూపు తిప్పలేదు.
చాలాసేపు అట్లాగే పట్టుకొని చూశాడు.
"ఇంక మారుతదా బిడ్డా?"
"మారదు."

తువ్వాలతో ముక్కు తుడుచుకొని
కాంటా దిక్కు నడిచాడు.