సున్నాల నెల

వంటింటి గోడమీద చేపల కంపెనీవాళ్ళ క్యాలెండరు.
ప్రతి తేదీ కింద పెన్సిలుతో లెక్క.
సెప్టెంబరులో నాలుగు, అయిదు, నాలుగు.
అక్టోబరు సగానికి రెండు, ఒకటి.
ఆ తర్వాత వరసగా సున్నాలు.
గుండ్రంగా, కొంచెం కోలగా,
నా చేయి వణుకుతుంది కదా,
దూరం నుంచి చూస్తే అచ్చం గుడ్లే.
ఈ నెల ఈ ఇంట్లో గుడ్లు పెట్టింది నేనొక్కదాన్నే.

ఎండెల్ కంచె మీదుగా వంగి సలహాలు పోస్తాడు.
రొట్టెముక్కలు మానెయ్యి, ఆల్చిప్పలు నూరి కలుపు,
గూట్లో పింగాణీ గుడ్డొకటి పెట్టు, సిగ్గు తెచ్చుకుంటాయి.
పెట్టాను.
ల్యూబా దాన్ని ఒకసారి ముక్కుతో పొడిచి
నావైపు చూసింది,
చిల్లర తక్కువిచ్చిన కొట్టువాణ్ణి చూసినట్టు.
అయితే కోసుకు తిను, అన్నాడు చివరికి.
ఎండెల్‌కి పళ్ళు లేవు. సూప్ అంటే ప్రాణం.

అయిదూ ఈకలు రాలుస్తున్నాయి.
పెరడంతా దిండు చిరిగినట్టుంది.
ఆస్టా మెడమీద ఒక్క ఈక లేదు,
కొత్త మొలకలు నీలంగా, ముళ్ళలాగా,
తాకితే అరుస్తుంది.
తన ఒళ్ళు తానే మళ్ళీ నేసుకుంటున్నది
ఊరికి ఆమ్లెట్లు ఎక్కణ్ణించి తెస్తుంది?

శనివారం కురెస్సారె బస్సెక్కి డజను గుడ్లు కొన్నాను.
ఒక్కోదాని మీద ఎర్ర సిరాతో నంబరు.
సంచీ అడుగున, ఉల్లిపాయల కింద దాచి,
కోళ్ళగూడు ముందునుంచి రాకుండా
చుట్టూ తిరిగి వెనక తలుపున లోపలికొచ్చాను.
డెబ్బై నాలుగేళ్ళదాన్ని,
కోళ్ళకి జడిసి.

ఈ దీవిలో ఇప్పుడు మూడున్నరకే చీకటి.
సముద్రం వైపునుంచి వచ్చి జునిపర్ పొదల్లో చతికిలబడుతుంది,
ఏ పుంజు కూసినా
పొద్దున తొమ్మిదికి గానీ లేవదు.
పద్నాలుగు గంటలు వెలుతురుంటే పెడతాయట.
బల్బు ఎండెలే తెచ్చాడు, వైరూ తెచ్చాడు.
స్టూలెక్కి నేనే బిగించాను.
రాత్రి ఏడింటికి స్విచ్చి వేశాను.

అయిదు తలలూ ఒక్కసారి లేచాయి.
రెక్కలు సర్దుకుని, కళ్ళు చికిలించి,
కర్రమీంచి ఒకటొకటిగా దిగి
మేత తొట్టి ముందు వరసలో నిలబడ్డాయి.
ఎవరూ ఏమీ అనలేదు.

ఆ వరస నాకు తెలుసు.

చేపల ఫ్యాక్టరీ, రాత్రి షిఫ్టు,
నెత్తిమీద ఆరని ట్యూబులైట్లు.
ల్యూబా తలలు కోసేది, ఆస్టా పేగులు తీసేది,
హిల్యా, మేటా డబ్బాల్లో పేర్చేవాళ్ళు,
వైకె నూనె పోసేది. మూతలు నావి.
కిటికీలకి రంగు పూసేశారు,
బయట రాత్రో పగలో తెలిస్తే చేయి నెమ్మదిస్తుందని.
గోడమీద నల్లబల్ల, మా పేర్లు, పక్కన అంకెలు.
వైకెకి అయిదో నెలలో కడుపు పోయిన వారం
ఆమె పేరు పక్కన సున్నా పెట్టింది నేనే.
నా రాత గుండ్రంగా ఉంటుందని
సుద్దముక్క నాకిచ్చారు.
పెట్టి, చేయి దులుపుకుని, వెనక్కొచ్చి
మూతలు బిగించాను.

కోళ్ళకి ఆ పేర్లు ఎందుకు పెట్టానని
ఎండెల్ ఎప్పుడూ అడగలేదు.

బల్బు ఆర్పాను.
కోడికి చీకట్లో కళ్ళు కనబడవు,
ఉన్నట్టుండి ఆర్పితే ఉన్నచోటే ఉండిపోతుంది.
ఆ సంగతి మరిచాను.
నేలమీద అయిదు ముద్దలు, చిన్నగా గునుస్తూ.
మోకాళ్ళమీద కూర్చుని, తడిమి,
ఒక్కోదాన్నీ ఎత్తి కర్రమీద పెట్టాను,
ఆస్టాని ముళ్ళు నొక్కకుండా కాళ్ళకింద చేయి పెట్టి.
వైకె ఆఖరు.
ఈకలు పోయి ఎంత తేలికైందో,
కాసేపు స్వెట్టరు లోపల ఉంచుకున్నాను.
దాని గుండె నా గుండెకన్నా తొందరగా కొట్టుకుంటోంది.

ఇంట్లోకొచ్చి నంబరు గుడ్లు రెండు ఉడకబెట్టాను.
పచ్చసొన పాలిపోయి ఉంది.
ఉప్పు కాస్త ఎక్కువ వేసుకున్నాను.

బల్బు మాడిపోయిందని చెబుతాను ఎండెల్‌తో.
నమ్మడు.
ఇంకోటి తెస్తాడు.