జూన్ ఒకటి

విశాఖపట్నంలో పిల్లలందరూ ఒకే రోజు పుట్టారు.
నమ్మకపోతే రండి,
కార్పొరేషన్ ఆఫీసులో మెట్ల కింద గది,
తాళంచెవి నా దగ్గరే ఉంది.
ఉప్పుగాలికి అట్టలు ఉబ్బిన అడ్మిషన్ రిజిస్టర్లు.
ఏది తెరిచినా పుట్టినతేదీ గడిలో
జూన్ ఒకటి, జూన్ ఒకటి, జూన్ ఒకటి.

జాలారిపేట బడిలో అనసూయమ్మ టీచరు అడిగేదట:
"ఎప్పుడు పుట్టిందమ్మా పిల్ల?"
గంప దించకుండానే చెప్పేది తెడ్డు పోలమ్మ:
"మా తెప్ప తిరగబడిపోనాది సూడండి, ఆ ఏడు.
వంజరాలు మా సెడ్డగా పడ్డాయి.
దీపాలెట్టే యేళకి నొప్పులొచ్చినాయి."
ఇంత చరిత్రకి గడి చాలదు.
టీచరు కలం ఓసారి విదిల్చి
అయిదేళ్లు నిండేలా లెక్క సరిచేసి
జూన్ ఒకటి అని రాసి
పలక చేతికిచ్చేది.
అబద్ధమే.
ఆ అబద్ధంలోంచే అందరూ లోపలికి నడిచారు.

పక్క గడి: తండ్రి వృత్తి.
ఊరు పెరిగిన చప్పుడంతా అందులోనే ఉంది.
మొదటి పేజీల్లో వేట, వేట, వేట,
మధ్యలో ఒక జీడితోట కాపలా.
తర్వాత పోర్టు కలాసీ. జూట్ మిల్లు. షిప్‌యార్డులో వెల్డరు.
వెల్డర్ల పిల్లలకి బల్లలు చాలక
మల్కాపురంలో మధ్యాహ్నం బడి పెట్టారని
మార్జిన్లో పెన్సిలు రాత.
గాజువాక హెడ్మాస్టరు ఒకాయన
ఒక ఏడు మొత్తం "భూమి పోయినవాడు" అని రాశాడు.
అది వృత్తి కాదని పైనుంచి మెమో వచ్చింది.
ఆయన కొట్టెయ్యలేదు.
పక్కన "ప్రస్తుతం" అని చేర్చాడు.

ఆ తర్వాత వాచ్‌మన్, ఆటో, వాచ్‌మన్.
తండ్రి గడి ఖాళీ; తల్లి, రొయ్యల ఫ్యాక్టరీ.
మొన్నటి పేజీలో రాయగడ నుంచొచ్చిన టైల్స్ మేస్త్రీ.
కొడుకు మాతృభాష ఒడియా, మీడియం ఇంగ్లిష్,
ఇంటర్వెల్లో తిట్లు మాత్రం మన యాసే.

పెద్ద తుపానుకి తడిసిన పుస్తకాల్ని
డాబా మీద ఇటుకలు పెట్టి ఆరబెట్టాం
నేనూ, అటెండరు పైల చిట్టెయ్యా.
అతుక్కున్న పేజీలు విడదీస్తే
ఒకరి పేరు ఇంకొకరి తండ్రి మీద అచ్చుపడింది.

ఇప్పుడు బడులు బాగున్నాయి. చెప్పకపోతే తప్పు.
కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి.
గోడ మీద సౌరకుటుంబం, శని కాస్త పెద్దగా గీశారు.
కాకపోతే, పిల్లలు తక్కువున్న బడిని
పక్క బడిలో కలపమని కాగితం వచ్చింది.
మ్యాపులో రెండు చుక్కల మధ్య స్కేలు పెట్టాను.
తొమ్మిది వందల మీటర్లు. నిబంధనకి లోబడే ఉంది.
స్కేలుకి హైవే తెలీదు.

అర్జిల్లి హంసిక, రెండో తరగతి.
పాత బడిలో కొట్టేశారు, కొత్త బడిలో ఎక్కలేదు.
నెలరోజులు నగరంలో ఏ బడిలోనూ లేదు ఆ పిల్ల.
అమ్మమ్మ చెయ్యి పట్టుకొచ్చింది:
"లారీల మద్దిన దాటించలేక ఇంట్లో ఉంచేసినాను బాబూ."
కంప్యూటరు పుట్టినతేదీ అడిగింది.
సంచిలోంచి ఆసుపత్రి కాగితం తీసింది ముసలామె.
నవంబరు పద్దెనిమిది, తెల్లవారుజాము నాలుగూ పది.
నిమిషంతో సహా.

వెళ్లబోతూ గుమ్మంలో ఆగింది.
"నేనూ ఆ బల్లోనే రెండు సదివేను.
నా పేరుంటాదేటి?"
వెతికాం. చిట్టెయ్య దుమ్ము దులిపాడు.
తెడ్డు నూకరత్నం, తల్లి పోలమ్మ.
ఆ పేజీలో సిరా ఇంకా నీలంగానే ఉంది.
హంసిక వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది:
"జూ...న్... ఒకటి."
"అయితే నాకూ ఒకరోజుందన్నమాట," అంది ఆమె.
నాదీ అదే, అన్నాను.

పిల్లని ఎక్కించాను. ఓకే అంది యంత్రం.
రోడ్డు సంగతి
ఏ గడిలో రాయాలో ఇంకా తేలలేదు.