జిప్పుల లెక్క

రాయదుర్గంలో మే నెల.
రేకుల కింద ఇరవై మిషన్లు, ఒకటే రొద.
జేబు కొలత అట్ట వెనక
సుద్దముక్కతో రాసుకున్నా:
ప్రాసెసర్, మదర్‌బోర్డు, అరవై నాలుగు జీబీ ర్యామ్.

జిప్పు కుడితే ఆరు రూపాయలు నాకు.
గ్రాఫిక్స్ కార్డంటే పద్దెనిమిది వేల జిప్పులు.
తప్పేమోనని మళ్లీ లెక్కేసినా. తప్పలే.

"ఈ ఎండకు ఫ్యాన్లు చాలవుమ్మే,
నీళ్లతో చల్లబడేది పెట్టిచ్చుకో" అన్యాడు బళ్లారి షాపాయన.
మా వీధికి కొళాయి నాలుగు దినాలకోసారి.
దాంట్లో మాత్రం అవే నీళ్లు
తిరుగుతానే ఉంటాయంట, తరగవంట!
నవ్వొచ్చింది.
అయినా రాసుకున్నా.

ఆట మధ్యలో కరెంటు పోతే చస్తా. యూపీఎస్.
జీన్స్ నూగు లోపలికి పోకుండా జాలీలు.
దులిపితే నీలం రాలుతుంది,
చీదితే నా ముక్కులోంచి రాలినట్టే.

రాత్రి పదకొండుకు లైవ్.
మైకు మంచిది కావల్ల,
పక్కనే తిప్పక్క ఓవర్‌టైం మిషన్,
ఆ చప్పుడు వినపడకూడదు
అని రాసి,
బొటనవేలితో తుడిచేసినా.
వినపడితే ఏమి?

ఇప్పటికి కొన్నది మౌస్ ఒక్కటే.
మధ్యాన్నం సద్ది విప్పేముందు
సంచిలో చెయ్యి పెట్టి
ఉత్తదే నొక్కి చూస్తుంటా.