ఖాళీ

రాత్రి రెండూ పదికి
అంబత్తూరు ఎస్టేట్‌లో, మూడో అంతస్తు గోడ మీద
ఒక గడి నారింజ రంగుకి తిరిగింది.
ఎరుపైతే చచ్చిందనుకుంటాం.
నారింజంటే తెలీదని.
ఆ స్విచ్చు ఎంత వేడెక్కిందో
ఏ తీగలో ఎంత పారుతోందో
ఏమీ తెలీదు.

పింగ్ కొట్టాను.
ఒక్క మిల్లీసెకనులో పలికింది.
అంటే ఇంట్లో మనిషున్నాడు.
ప్రశ్న వేస్తేనే ఉలకడు.

ఐదు సెకన్లు ఆగి మళ్లీ అడిగాను.
మూడుసార్లు అడిగి ఊరుకోమని రూలు.
రూలు రాసింది నేనే కాబట్టి
పదిసార్లు అడిగాను.

ఎళిలరసన్‌ని నిద్ర లేపాను.
"కమ్యూనిటీ చూశావా?" అన్నాడు ఆవలింతలోంచి.
"కమ్యూనిటీ తప్పయితే అది కాదని కూడా అనదు.
ఊరికే ఉండిపోతుంది."

చెప్పక్కర్లేదు అన్నా,
ఆ సంగతి నాకు తెలుసు.

మొన్న ఆదివారం కొరట్టూరులో
మేడ మీద గది, గేటుకి టు లెట్ బోర్డు.
ఆవిడ మంచినీళ్లిచ్చింది, కాగితం కప్పులో.
ఏ ఊరంది. నాయుడుపేట.
ఏం పనంది. యంత్రాల నాడి చూసే పని.
పది నెలల అడ్వాన్సుకి ఒప్పుకున్నాను
మాంసం వండనన్నాను, అబద్ధమే
మోటారు నేనే వేస్తానన్నాను.
"ఎన్న కమ్యూనిటీ?" అంది, నవ్వుతూనే.
చెప్పాను.
కాదనలేదు.
మా ఆయన్ని అడిగి ఫోన్ చేస్తానంది.

పాడిలో, విల్లివాక్కంలో అంత మాట కూడా లేదు.
ఖాళీ లేదన్నారు,
వాళ్ల బోర్డు నా భుజానికి తగులుతూ ఉండగానే.

నూట అరవై ఒకటో పోర్టు దగ్గర కాపు కాశాను
వెళ్లేవీ వచ్చేవీ లెక్కపెడుతూ.
నావి వెళ్తున్నాయి, ఒకదాని వెనక ఒకటి.
అటు చేరుతున్నాయి కూడా.
వచ్చేవి సున్నా.
ఫైర్‌వాల్ కాదు. వెర్షనూ కాదు.
నా వైపు మాటనీ దాని వైపు మాటనీ పక్కపక్కన పెట్టి
పెద్ద అక్షరాలూ చిన్న అక్షరాలూ
వేలు పెట్టి చదివాను, బళ్లో పిల్లలా.
రెండూ ఒకటే.
మళ్లీ చదివినా ఒకటే.

వెనకటికి ప్రతి డబ్బాకీ 'పబ్లిక్' అన్నదే పేరట.
ఆ ఒక్క మాటంటే చాలు
ఎవరికైనా తలుపు తీసేవట.
ప్రమాదమని, పోయినేడు మేమే
డబ్బా డబ్బాకీ తిరిగి చెరిపేశాం.

మూడున్నరకి ఏం తోచక
మౌసుతో ఆ మాట మీద గీశాను.
నీలం రంగు ఆఖరి అక్షరం దాటి
ఒక అడుగు ఎక్కువ పాకింది.

చివర ఒక ఖాళీ.
సాయంత్రం షిఫ్టువాడు కాపీ కొట్టి అతికించినప్పుడు
తోక పట్టుకుని వచ్చిన
కంటికి ఆనని ఖాళీ.

బ్యాక్‌స్పేస్, ఒక్కటి.

ఇక చూడాలి దాని వాగుడు!
లేచి నాలుగువందల పన్నెండు రోజులైందంది,
సెకనులో నూరో వంతు దాకా లెక్క చెప్పింది.
నలభై ఎనిమిది తలుపుల్లో ఏది తెరిచుందో
ఎవరెంత బరువు మోశారో
ఎవరి చేతిలోంచి ఏం జారిపోయిందో
అన్నీ.
ఉండే చోటు: మెట్ల కింద, నీళ్ల ట్యాంకు పక్కన.
ఏమైనా అయితే పిలవాల్సింది: పరమానందం.
నేను చేరకముందే మానేశాడట ఆయన.
ఆ పేరు అలాగే ఉంచాను.

టికెట్‌లో కారణం అన్నచోట రాశాను:
చివర ఖాళీ ఉంది.
పరిష్కారం: తీసేశాం.
రాసి, కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఐదింటికి కిందికి దిగితే
టీ బండి పక్క స్తంభానికి
కొత్త టు లెట్ కాగితం.
జిగురింకా ఆరలేదు, వేలికి అంటింది.
నంబరు ఫోనులోకి ఎక్కించుకున్నాను.

మూడుసార్లు అడిగి ఊరుకోమని రూలు.
ఇది నాలుగోది.